ఎలుగుబంటి తడిసిన బడి

అనగనగా ఒక అడవి ఉండేది, పిల్లలూ. ఆ అడవిలో అందరి పిల్లలకూ కలిపి ఒకటే బడి. దాని కప్పు నిండా చిల్లులే. వానొస్తే బయట ఎంత కురిసేదో లోపలా అంతే కురిసేది. మూడు తరగతులకూ తాబేలు మాస్టారు ఒక్కరే. ఆయన ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి నడిచి వచ్చేసరికి ఇంటి గంట కొట్టేసేవారు.

ముంగిస సూరమ్మ కూతురు ఆ బడిలో తడిసి, పది రోజులు జ్వరంతో పడుకుంది. లేచాక ఇక బడికి పోనంది. సూరమ్మ భయపడింది. బడి బాగోగులు చూసే ఎలుగుబంటి దగ్గరికి వెళ్లి చెప్పుకుంది. ఆయన తేనె నాకుతూ, "చూద్దాంలేమ్మా," అన్నాడు. తర్వాత కుందేలు వెళ్లింది. అదే మాట. కోతి వెళ్లింది. అదే మాట.

ఒక్కొక్కరం వెళితే లాభం లేదని సూరమ్మకు అర్థమైంది. మరి తల్లిదండ్రులంతా ఒకచోట దొరికేది ఎప్పుడు? ప్రార్థనలప్పుడే. ముంగిసలు సూర్యుడికి మొక్కేవి. కుందేళ్లు చందమామకు భజన చేసేవి. కోతులు కొండచుట్టూ ప్రదక్షిణలు చేసేవి. ఒక గుంపు గడప ఇంకో గుంపు తొక్కేది కాదు.

సూరమ్మ మూడు గుంపుల దగ్గరికీ వెళ్లి, ఒకరోజు బడిలో అందరం కలిసి ప్రార్థన చేద్దామంది. కోతుల గోల భరించలేమని కుందేళ్లు గొణిగాయి. కుందేళ్లకు తాళం రాదని కోతులు మూతి తిప్పాయి.

"దేవుణ్ణి మార్చుకోమని అడగడం లేదు. మన పిల్లలందరూ తడిసేది మాత్రం ఒకే కప్పు కింద," అంది సూరమ్మ.

ఆ మాటతో మూడు గుంపులూ సరేనన్నాయి.

నల్లమబ్బు పట్టిన రోజు చూసుకుని, బడిలో అందరి ప్రార్థన పెట్టారు. ప్రార్థనకు పెద్దగా కూర్చోమని ఎలుగుబంటిని పిలిచారు. పూలదండ, గిన్నెడు తేనె అనేసరికి ఆయన పరుగున వచ్చాడు.

భజన మొదలైంది. వానా మొదలైంది. ఒక చుక్క ఎలుగుబంటి ముక్కుమీద పడింది. ఎడమకు జరిగితే చెవిలో పడింది. కుడికి జరిగితే తేనెగిన్నెలోనే పడింది. లేవబోతే కుందేలు చేతులు జోడించి, ప్రార్థన మధ్యలో పెద్దలు లేవకూడదని వినయంగా చెప్పింది. అందరూ కళ్లు మూసుకుని, తడుస్తూనే, ఇంకో మూడు పాటలు పాడారు.

ఎలుగుబంటి వణుకుతూ, "కప్పు సంగతి చూద్దాం," అన్నాడు.

"ఏ రోజు చూద్దామండీ?" అని అందరూ ఒక్క గొంతుతో, మెల్లగా అడిగారు.

"వచ్చే పున్నమికి."

"ఇంకో ఇద్దరు మాస్టర్లు?"

"వాళ్లూ పున్నమికే."

"అలాగేనండీ. అప్పటిదాకా రోజూ ఇక్కడే ప్రార్థన. రోజూ మీరే పెద్ద," అంది సూరమ్మ.

మర్నాడు పొద్దున్నే ఎలుగుబంటి తానే గడ్డిమోపుతో కప్పెక్కాడు. మూడు గుంపులూ మోపులు అందించాయి. నాలుగో రోజుకల్లా కప్పు పూర్తయింది. పున్నమికి ముందే లేడి, కొంగ కొత్త మాస్టర్లుగా వచ్చారు.

సూరమ్మ కూతురు మళ్లీ బడికి వెళ్లింది. ఆ రోజంతా జోరున వాన. సాయంత్రం ఇంటికొచ్చి, పొట్టకు హత్తుకుని తెచ్చిన పలక తల్లికి చూపించింది. దానిమీద ఒక్క అక్షరం కూడా చెరగలేదు.

నీతి: మొక్కులు వేరైనా, పిల్లల మేలు కోసం అందరూ కలిసి అడిగితే, "చూద్దాం" అనేవారు చేసి చూపించక తప్పదు.