కబురుకో గంట

పూర్వం ఒక రాజ్యంలో కంప్యూటర్లూ ఉండేవి, వాటి సంగతి తెలియకుండా పెత్తనం చేసే మంత్రీ ఉండేవాడు. కోట సర్వర్ చూసుకునే పెంచలయ్య, బయటి కబుర్లు అందుకునే నెట్‌వర్క్ కార్డు వాటిని కాసిని పోగుచేసి ఒక్కసారే ప్రాసెసర్‌కి చెప్పేలా అమర్చాడు.

"ఆలస్యమా! ఏ కబురు వచ్చినా ఆ క్షణమే చెప్పాలి," అంటూ మంత్రి ఆ అమరిక తీయించాడు. చేస్తున్న పని ఆపి కబురు అందుకోవడంతోనే ప్రాసెసర్‌కి సరిపోయి, సర్వర్ చతికిలబడింది.

"రేపటికి బాగవకపోతే నీ కొలువు ఊడినట్టే!" అని తిట్లు మాత్రం పెంచలయ్యకే.

చెప్పిచెప్పి విసిగిపోయిన పెంచలయ్య మర్నాడు మంత్రి గుమ్మంలో గంట పట్టుకుని నిలబడ్డాడు. అర్జీ వచ్చినప్పుడల్లా గంట కొట్టి అందించాడు. మధ్యాహ్నమైనా మంత్రి ఒక్క అర్జీ కూడా పూర్తిగా చదవలేకపోయాడు.

"నీ గంట తగలెయ్య! పది పోగయ్యాక ఒక్కసారే తీసుకురా!"

"చిత్తం. ఈ ఆజ్ఞ తమరొక్కరికేనా, ప్రాసెసర్‌కి కూడానా?"