రాజుగారి గుంజల కింద కట్ట

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రానికి కాస్త ఇవతల, పెద్ద చిత్తడి ఉండేదర్రా. అటు చూస్తే నీళ్ళు, ఇటు చూస్తే తుంగ, మధ్యలో తామరలు. ఏటి నుంచి ఒక కాలవ వచ్చి అందులో కలిసేది. ఆ గట్టునే కుమ్మరోళ్ళ ఇళ్ళు. అందులో ఒకింటికి నాంచారమ్మని కొత్త కోడలొచ్చింది. ఊ కొడుతున్నారా, గోడకి చెప్తున్నానా?

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. మట్టి తెచ్చాక కోడలు దాన్ని నాలిక మీద పెట్టుకుని చూడాలి. ఉప్పగా ఉంటే పారబొయ్యాలి, ఆ మట్టితో చేసిన కుండ పెచ్చులూడిపోతుంది. మొహం అలా పెట్టకే చిట్టీ, నువ్వు బలపాలు తినలేదూ?

ఇలా ఉండగా రాజుగారికి ఒక బుద్ధి పుట్టింది. తియ్యనీళ్ళన్నీ ఈ బురదలోకి పోయి దండగైపోతున్నాయి, కాలవ మూతి మూసేసి నా పొలాలకి తిప్పుకుంటానని, కట్ట వెయ్యడానికి గుంజలు పాతించాడు. అవి చూసుకోడానికి రాజు గట్టుకొచ్చినప్పుడు నాంచారమ్మ అత్తగారి చాటున నిలబడే, వద్దండీ ఏలినవారూ అంది. తియ్యనీళ్ళు తగ్గితే ఉప్పునీళ్ళెక్కుతాయి, ఉప్పునీళ్ళెక్కితే తామర చస్తుంది, తామర చస్తే చేప పోతుంది, చేప పోతే కొంగ పోతుంది, కొంగ వెనకాలే మనిషీ పోతాడంది. నీకెలా తెలుసన్నాడు రాజు. మట్టినడిగి చూపిస్తానంది. చూపించలేకపోతే కుమ్మరోళ్ళందరూ పొలిమేర దాటాలన్నాడు. అత్తగారు అప్పుడే చట్టీ కుండా సర్దడం మొదలెట్టింది, పాపం.

నాంచారమ్మ ఏం చేసిందీ? కణుపులు తొలిచిన పొడుగాటి వెదురుబొంగు తెప్పించి, గుంజల పక్కనే బురదలోకి దింపింది. దింపి, పైకి లాగి, నిలువునా చీల్పించింది. ఏం చెప్పమంటారు. పైన నల్లమట్టి, నల్లమట్టి కింద తెల్లమట్టి, తెల్లమట్టి కింద మళ్ళీ నల్లమట్టి. పొరపొరకీ నాలిక ఆనించింది. పైది చప్పన, అందులో తామర వేళ్ళు. మధ్యది ఉప్పుకషాయం, సముద్రపు గుల్లలు తప్ప గడ్డిపరక లేదు. అడుగుది మళ్ళీ చప్పన, అందులో వడ్లపొట్టు, తామరగింజలు. అంటే ఒకప్పుడు ఇక్కడ పంటలు పండాయి, తర్వాత ఉప్పెక్కి అందరూ పోయారు, మళ్ళీ ఎన్ని తరాలకో తియ్యనీళ్ళు తిరిగొచ్చాయి. రాజు కూడా ఆ తెల్లమట్టి నాలిక్కి ఆనించి, తూ అని ఉమ్మేశాడు.

మరి ఉప్పెందుకెక్కిందీ అన్నాడు. తియ్యనీళ్ళొచ్చేది ఈ మూతినుంచే కదా, ఇక్కడే తెల్లమట్టి అడుగుదాకా తవ్వించండి అంది. తవ్వగా తవ్వగా ఇటుకలు తగిలాయి. వరసగా, కాలవ మూతికి అడ్డంగా, ఒక పాత కట్ట. మధ్యలో గండి, తియ్యనీళ్ళు తిరిగొచ్చిన దారి అదే. రాజుగారి గుంజలు సరిగ్గా దాని నెత్తిమీదే ఉన్నాయి. ఇటుక ఇటుకకీ రాజముద్ర. ఏ రాజుదయ్యా అంటే మంత్రికి తెలీదు, ముసలాళ్ళకి తెలీదు, ఎవ్వరికీ తెలీదు. నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుందర్రా. అంతటి రాజుకి పేరైనా మిగల్లేదు.

మన రాజు పంచె ఎగగట్టి బురదలోకి దిగి, తన గుంజలు తనే పీకాడు. పొలాలకెన్ని నీళ్ళు, చిత్తడికెన్ని నీళ్ళు అన్నది ఏటా నాంచారమ్మే చెప్పాలని చాటింపు వేయించాడు. కుమ్మరోళ్ళు హాయిగా అక్కడే ఉన్నారు.

అడుగు మట్టిలో దొరికిన తామరగింజ ఒకటి ఆవిడ నీళ్ళకుండలో వేసింది. పదోరోజుకి మొలకెత్తింది. ఆ పేరులేని రాజు కంటే ముందు పుట్టిన గింజ! రాజు వచ్చి, ఆ చిన్న ఆకు ముందు కిరీటం తీసి నిలబడ్డాడట.

అందుకని కాలికంటిన బురదని ఛీ అనకండి. అలాగని కాళ్ళు కడుక్కోకుండా పక్కెక్కితే మాత్రం ఊరుకోను. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి.