వినడం నేర్చిన మేస్త్రి

రాజుగారి ఊళ్ళో బావి తవ్వుతున్నారు. పది నిలువుల లోతు దిగినా నీరు పడలేదు.

తవ్వే ముఠాలో ఒక పద్ధతి ఉండేది. పొద్దున అందరికంటే ముందు దిగేది మేస్త్రి. సాయంత్రం ఆఖరున పైకొచ్చేదీ మేస్త్రే. పాత మేస్త్రి నడుం పడిపోయాక తమలోనే ఒకరిని పెట్టుకుందామనుకున్నారు. రాజు ఒప్పుకోలేదు. నాయకత్వం నేర్పే బడి పెట్టి మూడేళ్ళయింది, అందులో నెగ్గినవాణ్ణే పంపుతానన్నాడు.

అతను వచ్చాడు. తెల్లని చొక్కా, గుండె మీద ఇత్తడి బిళ్ళ. ఎలా నిలబడాలో, ఎలా వినాలో, జవాబు చెప్పేముందు మనసులో మూడు ఎలా లెక్కపెట్టాలో అతనికి వచ్చు. బావిలోకి దిగడం మాత్రం నేర్పలేదు. ఆ బడిలో బావి లేదు.

గిలక దగ్గర పనిచేసే ఆమెకు మొదటిరోజు అతను నచ్చాడు. కసురుకునే మనిషి కాదు. కాకపోతే, అతను దిగడు కాబట్టి ముందు దిగే వంతు ఆమె తమ్ముడిదయింది. మనిషిని గంపలో దించే మోకును రోజూ పొద్దున్నే తడిమి చూసే పని ఆమెదయింది. రెండోరోజే వెళ్ళి చెప్పింది.

"అయ్యా, మోకులో ఒక పురి నలుగుతోంది. కొట్టులోంచి కొత్తది తెప్పించండి. మీ ముద్ర లేనిదే మాకివ్వరు."

అతను తల కొంచెం పక్కకు వంచాడు. మూడు లెక్కపెట్టాడు. "మోకు గురించి నీకు దిగులుగా ఉంది. అంతేనా?"

"దిగులు నాదే. నలుగుతున్నది మోకు."

"నువ్వు చెప్పింది విన్నాను. చెప్పినందుకు సంతోషం."

ఆమె రోజూ చెప్పింది. అతను రోజూ విన్నాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఎనిమిదో రోజు సాయంత్రానికి ఆ పురి పూర్తిగా తెగింది.

"చెవులకి చదువు బాగానే వంటబట్టిందమ్మాయ్," అన్నాడు మట్టి మోసే ముసలాయన. "కాళ్ళూ చేతులూ ఇంకా బళ్ళో వెయ్యలేదేమో."

ఆమెకు నవ్వు రాలేదు.

తొమ్మిదో రోజు పొద్దున తమ్ముడు గంపలో కాలు పెట్టబోతే ఆమె అంచు పట్టుకుని ఆపింది.

"నువ్వాగరా. అయ్యా, ఇవాళ ముందు మీరు దిగండి."

ముఠా అంతా పని ఆపి అతనివైపు చూసింది. ఆదర్శంగా నిలవడం ఆరో పాఠం. అతను చిరునవ్వుతో గంపలో కూర్చున్నాడు. గంప గట్టు వదిలి గాలిలోకి ఊగింది. పట్టు కోసం చెయ్యి పైకి చాపితే తెగిన పురి అరచేతికి గుచ్చుకుంది. దాని పక్కది కళ్ళముందే విచ్చుకుంటోంది.

"లాగండి. నన్ను పైకి లాగండి. కొత్త మోకు తెప్పించండి, ఇప్పుడే."

మూడు లెక్కపెట్టడం మర్చిపోయాడు.

కొట్టు అరకోసు దూరం. గంటలో మోకు వచ్చింది. ఎనిమిది రోజులు తమ్ముడి ప్రాణం వేలాడినా కదలని ముద్ర, ఇతని ప్రాణం ఒక్క క్షణం వేలాడగానే కదిలింది.

అతను చొక్కా సర్దుకుని వచ్చి ఆమె తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇక భయం లేదు. నీ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. దిగు."

ఆమె ఆ చేతిని తమ్ముడి భుజం మీంచి తీసి, ఖాళీ తట్టను పెట్టినట్టు పక్కన పెట్టింది. కొత్త మోకును కొసనుంచి కొసదాకా అరచేతిలో లాగి చూసింది. కొంగు నడుముకు చుట్టి గంపలో కూర్చుంది.

"నిన్నెవరు దిగమన్నారు?" అన్నాడు అతను.

ఎవరూ తల తిప్పలేదు. గట్టు మీది ఏడుగురూ మోకును పట్టి మెల్లగా వదులుతున్నారు. కింది నుంచి ఆమె ఏం చెబుతుందోనని చెవులు రిక్కించి ఉన్నారు.