రాహుకాలంలో సుంకం లేదు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైతే చెప్పిన నోట్లో ముప్పై రెండు పళ్ళూ మళ్ళీ మొలవాలి, సరేనా!

అనగనగా గంటలపురానికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆ ఊరికి రావాలంటే రెండు కొండల మధ్య ఇరుకుకనుమ ఒక్కటే దారి. అబ్బ, ఆ కాలంలో దారంటే దారి, బండంటే బండి! ఎద్దుల మెడల్లో గంటలు మోగుతుంటే కొండలు తలలూపేవి. చిన్న రాజకుమారుడు రత్నకేతు పసితనంలో అమ్మ ఒళ్ళో కూర్చుని, నోట్లో రేగుపండు వేసుకుని గింజ ఉమ్మేలోగా కనుమ దాటేసేవాడు. ఆ పులుపు, అమ్మ పమిట నీడ, ఆ గాలి అతనికి పెద్దయ్యాక కలల్లో మాత్రమే దొరికేవి.

ఎందుకంటే ఇప్పుడు కనుమ నిండా బళ్ళే. ఒక కొసన నున్నగా గడ్డం గీయించుకుని బయల్దేరినవాడు రెండో కొసకు వచ్చేసరికి గడ్డం మోకాళ్ళకు దిగేది! ఏడు సముద్రాలు దాటి రత్నకేతు మెప్పించి వచ్చిన పిల్ల నీలవేణి. ఆమె పల్లకీ సుంకపు ఠాణా బయట మూడు నెలలుగా ఆగిపోయింది. కొండ మీది మాంత్రికుడు ధూమజటుడు అక్కణ్ణుంచే అరిచాడు: "పౌర్ణమి నాడు పొద్దు గుంకేలోగా పల్లకీ కనుమ దాటకపోతే పిల్ల నాదిరోయ్!"

పెద్దన్న కొండ తవ్వించి దారి వెడల్పు చేశాడు. వారంలో రెట్టింపు బళ్ళు వచ్చి ఇరుక్కున్నాయి. నడిపన్న అన్ని వేళలా సుంకం పెంచేశాడు. పేదల బళ్ళు ఇంట్లోనే ఆగాయి, ఊళ్ళో ఉప్పు కరువైంది, కనుమ మాత్రం ఖాళీ కాలేదు.

రత్నకేతు ఠాణా అరుగు మీద చతికిలబడ్డాడు. పక్కనే నెమరేస్తున్న ముసలి ఎద్దు నవ్వింది.

"బాబూ, తప్పు దారిది కాదయ్యా. మీ జనమంతా ఒకే పంచాంగం చూసి అమృత ఘడియల్లోనే బళ్ళు కడతారు. రాహుకాలంలో ఇక్కడ నక్కలు పెళ్ళి చేసుకున్నా అడిగేవాడుండడు."

"నిజం, నిజం!" అంది గోడ మీద బల్లి. "ఇంకోటి విను. ధూమజటుడి ప్రాణం శిఖరం మీది చిలుకలో ఉంది. ఆగిన బళ్ళలో జనం ఉసూరుమంటే ఆ నిట్టూర్పే దానికి మేత. ఇప్పటికి ఏనుగంత అయింది. కత్తి దిగదు. కడుపు మాడ్చాలి."

మర్నాడే రత్నకేతు దండోరా వేయించాడు. "అమృత ఘడియల్లో నాలుగు కాసులు! మామూలు వేళ ఒక కాసు! రాహుకాలంలో సుంకమే లేదు! పురిటి బండికి ఏ వేళైనా లేదు!"

మొదటి రోజు రాహుకాలంలో ఈగ కూడా రాలేదు. రెండో రోజు కుమ్మరి ఓబులమ్మ బండి తోలుకొచ్చింది.

"అవ్వా, రాహుకాలమే!" అన్నాడు సుంకరి.

"అయితే ఏంట్రా? సూర్యుణ్ణే మింగి అరక్క కక్కేసినవాడు నా కుండలేం అరిగించుకుంటాడు? గేటెత్తు!"

ఆమె కుండలన్నీ అమ్ముకుని సాయంత్రానికి తిరిగొచ్చేసింది. అది చూసి మర్నాడు పది బళ్ళు, ఆ మర్నాడు వంద. తొందరున్న వర్తకులు నాలుగు కాసులిచ్చి అమృత ఘడియల్లో ఝామ్మని వెళ్ళారు. ఆ కాసులతో దారి పొడుగునా చలివేంద్రాలు వెలిశాయి. పైన చిలుక ఏనుగంత నుంచి దున్నంత, దున్నంత నుంచి కాకంత అయింది.

పౌర్ణమి ఆదివారం పడింది. కనుమ ఖాళీగా ఉంది. ముందున్న బళ్ళన్నీ వెళ్ళి, ఆ సాయంత్రానికి పల్లకీ వంతు వచ్చి గేటు ముందుంది. కానీ పల్లకీ వెంట వచ్చిన పురోహితుడు చేతులు అడ్డం పెట్టాడు.

"పొద్దు గుంకేదాకా రాహుకాలమే. రేపు తెల్లారి బయల్దేరదాం తల్లీ!"

రత్నకేతు దిగుతున్న పొద్దు వంక చూశాడు. లాక్కెళ్ళిపోదామంటే ఆమె పల్లకీ, ఆమె ఇష్టం.

తెర తొలగింది. "పంతులుగారూ, మూడు నెలలు మంచి ఘడియల కోసం కూర్చుంటే నా నడుం పడిపోయింది. ఇంతకన్నా రాహువేం చేస్తాడు? బోయీలూ, మీరెత్తుతారా, పల్లకీని నేనే ఎత్తుకుని నడవనా?"

బోయీలు ఎత్తారు చూడు, కాళ్ళు నేలకు తగిలితే ఒట్టు! కనుమలో ఒక్క నిట్టూర్పు లేదు. పొద్దు కొండ అంచున ఉండగానే పల్లకీ అవతలికి చేరింది. చిలుక దోమంత అయి ఠాణా గోడ మీద వాలింది. బల్లి గుటుక్కున మింగింది. ధూమజటుడు ఒక్క తుమ్ము తుమ్మి పిడికెడు బూడిదయ్యాడు.

రత్నకేతుకీ నీలవేణికీ పదహారు రోజుల పెళ్ళి జరిగింది. నూట ముప్పై ఏళ్ళు రాజ్యం చేశారు. ఏటా ఇద్దరూ కూర్చుని ఏ వేళకు ఎంత సుంకమో మళ్ళీ సరిచూసేవాళ్ళు. ఎంత బాగుండేవో ఆ రోజులు!

సరే, లే ఇంక. ఆ బియ్యం డబ్బా పట్టుకుని పిండిమరకు వెళ్ళిరా. రాహుకాలమంటావా? అందుకే పొమ్మంటున్నా, అక్కడిప్పుడు ఒక్క మనిషి ఉండడు.