మడత స్కూటరు కొన్న నీటికుక్క

ఒట్టు! ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా, నా నోట్లో మిగిలిన రెండు పళ్లూ ఇప్పుడే ఊడి మీ ఒళ్లో పడతాయి. చూసుకోండి, పడ్డాయా? పడలేదు. అయితే కథ నిజమే. వినండి.

అనగనగా ఒక అడవిలో ఒక ఏరు. ఏరంటే అలాంటిలాంటి ఏరు కాదు. ఈ ఒడ్డున పొద్దున్నే తుమ్మితే ఆ ఒడ్డువాడు "చిరంజీవ" అనేసరికి పొద్దుగూకేది. అంత వెడల్పు.

ఆ ఏటి రేవులో పోలయ్య అనే నీటికుక్క ఉండేవాడు. వాడికి ఒక పెళ్లాం, పేరు నూకాలు. ఇద్దరు పిల్లలు. ఒక పడవ. ఆ పడవ మీద వేటకెళ్తేనే ఇంట్లో చేప, పిల్లల నోట్లో ముద్ద. పడవ లేకపోతే ఏమీ లేదు.

ఆ రేవులో ఒక కట్టుబాటు ఉండేది. వరదొస్తే అందరూ కలిసి అందరి పడవలూ గట్టెక్కించాలి. లాగే చేతులు అందరివీ. మోకు మాత్రం ఎవరిది వాళ్లదే. మోకంటే నా నడుమంత లావు తాడు. సరే, నా చెయ్యంత అనుకోండి. పడవ గట్టెక్కాక ఆ మోకుతోనే చెట్టుకి కట్టేస్తారు. ఏరు తగ్గేదాకా విప్పరు. ఒకసారి అరువు మోకు తెగి, దాని నష్టం ఎవరు కట్టాలని తగువొచ్చి, రెండు మొసళ్ల కుటుంబాలకి మాటల్లేవు. అప్పట్నుంచీ ఎవరూ ఎవరినీ మోకు అడగరు.

ఒక ఏడు పోలయ్యకి భుజం పట్టేసింది.

"పడవున్నవాడికి బండి కూడా ఉండాలే," అన్నాడు పెళ్లాంతో. "అదే లాగిపెడుతుంది. ఈ నొప్పి నేను పళ్లేను."

"ఉంటే మంచిదే," అంది నూకాలు. "కానీ పడవని లాగే బండి. అది తప్ప ఇంకోటి కంటితో కూడా చూడకు. నీ సంగతి నాకు తెలుసు."

ఇద్దరూ బండ్ల సంతకి బయల్దేరారు. లాగించి చూడ్డానికి మోకు కూడా మోసుకెళ్లారు. సంత నడిపేవాడు గుర్నాథం అనే నక్క. వాడి నాలుక ఎంత తియ్యనంటే, మాట్లాడుతుంటే మూతి చుట్టూ చీమలు పట్టేవి.

"రా పోలయ్య బాబూ! పడవ ఓనరువి. నీకు తగ్గ బండి నా దగ్గర కాక ఎవరి దగ్గరుంటుంది?"

మొదట ఒక లారీ చూపించాడు. చెడిపోయిన బండ్లని ఈడ్చుకుపోయే లారీ. వెనకాల ఏనుగు తొండమంత కొక్కెం. హారను కొడితే మూడు ఊళ్లలో కొబ్బరికాయలు రాలాయి.

"మా రేవంతా బురద," అంది నూకాలు. "ఇది దిగబడితే?"

"దాన్ని లాగడానికి ఇంకో లారీ ఇస్తానమ్మా."

"అది దిగబడితే?"

గుర్నాథం ఆకాశం వైపు చూసి, "పదండి, అటు చూద్దాం," అన్నాడు.

రెండోది ఒక ముసలి ట్రాక్టరు. రంగు ఏనాడో పోయింది. సీటులో పిచ్చుకలు కాపురం పెట్టాయి. చక్రాలు మాత్రం తాటిచెట్టంత ఎత్తు. నూకాలు దానికి మోకు కట్టించింది. అవతలి కొస, నానిన పెద్ద మానుకి కట్టించింది.

"ఎండిన మాను కట్టొచ్చు కదే," అన్నాడు పోలయ్య.

"ఎండాకాలం పడవ వేరు, నీళ్లు తాగిన పడవ వేరు. మనం లాగేది నీళ్లు తాగినదాన్ని."

ట్రాక్టరు దగ్గింది. తుమ్మింది. సగం అడవి నిండేలా నల్లపొగ కక్కింది. బురదలోంచి మానుని మెల్లగా లాక్కొచ్చి గట్టు మీద పడేసింది.

"ఇదే మన బండి!" అంది నూకాలు. "ఏమిమ్మంటావు గుర్నాథం?"

"ఒక పెద్ద వల ఇచ్చి తోలుకుపోండి."

"ఇంట్లో ఉంది, తెస్తాను. ఒరే పోలీ, ఇక్కడే కూర్చో. కూర్చోవడం తప్ప ఇంకేమీ చెయ్యకు," అని చెప్పి పరుగెత్తింది.

పోలయ్య కూర్చున్నాడు. ట్రాక్టరు వైపు చూశాడు. వచ్చే నెలలో అవతలి ఒడ్డున బావమరిది పెళ్లి. దీని మీద వెళ్తే పెళ్లికొడుకుని వదిలేసి తనని చూసి నవ్వరూ? అసలు దీన్ని ఏరెలా దాటిస్తాడు?

ఆ చూపుని గుర్నాథం ఇట్టే పట్టేశాడు. చంకలోంచి గొడుగులాంటిదేదో తీసి, టక్కుమని విదిల్చాడు. స్కూటరు! చిలకపచ్చ రంగు. అద్దంలో చూస్తే మొహం రెండింతలు అందంగా కనిపిస్తోంది.

"మడత స్కూటరు బాబూ. మడిచి పడవలో పెట్టుకో. అవతలి ఒడ్డున దిగు. విప్పు. ఎక్కు. పడవ మీద వచ్చి బండి మీద ఊరేగేవాడు ఈ ఏటి మీద ఇంకొకడున్నాడా?"

పోలయ్య ఆ అద్దంలో ఇంకోసారి మొహం చూసుకున్నాడు. "ఇది... పడవని లాగుతుందా?"

"ఎందుకు లాగదు? బండన్నాక లాగదూ?"

అది అబద్ధమని పోలయ్యకి తెలుసు. కానీ ఆ అబద్ధం వాడికి కావలసి వచ్చింది.

"దీనికి ఏమివ్వాలి?"

"వల కూడా వద్దులే. ఆ మోకు పడేసిపో. బండున్నవాడికి మోకెందుకు?"

నూకాలు వల నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చేసరికి, మొగుడు చిలకపచ్చ స్కూటరు మీద సంతలో చక్కర్లు కొడుతున్నాడు. ట్రాక్టరుని అడవిపంది తోలుకుపోయింది. మోకుని గుర్నాథం కొండ అవతలి ఎలుగుబంటికి అప్పుడే అంటగట్టేశాడు.

"నా మోకు నాకు తెచ్చివ్వు!" అని నక్క గొంతు పట్టుకుంది నూకాలు.

"సంతలో చెయ్యి మారితే మారినట్టేనమ్మా," అన్నాడు గుర్నాథం. "నీ మొగుణ్ణి నేనేమైనా కట్టేసి ఇప్పించానా?"

నూకాలు వాడి గొంతు వదిలేసింది.

ఆ సాయంత్రమే కొబ్బరిపీచు నీళ్లలో పడేసింది. పీచు నానాలి, చితకాలి, పేనాలి. మోకంటే ఒక పూటలో అయ్యేది కాదు. పోలయ్య మాత్రం వరసగా నాలుగు రోజులు అవతలి ఒడ్డున స్కూటరు మీద తిరిగొచ్చాడు.

"బావా, ఇది బండా, గొడుగా?" అని బావమరుదులు వాడి చుట్టూ మూగారు. ఆ నాలుగు రోజులూ వాడి ఛాతీ ఉబ్బి, గుమ్మంలోంచి పక్కగా దూరాల్సి వచ్చింది.

రేవుకి పెద్ద, తాబేలు అప్పలకొండ. ఆయన ఒకనాడు అడిగాడు. "ఒరే పోలీ, మోకు ఇచ్చేశావట! వరదొస్తే ఏం చేస్తావురా?"

"బండుంది కదా మావా!"

అప్పలకొండ మెడ లోపలికి లాక్కున్నాడు. ఆయనకి నవ్వొచ్చినా, ఏడుపొచ్చినా అంతే.

ఒకరోజు మధ్యాహ్నం, ఎండ కాస్తుండగానే, పైన కొండల్లో కురిసిన వాన కిందికి దిగింది. ఏరు గోడలా లేచి వచ్చింది. రేవంతా ఒకటే కేకలు. వరసలో అప్పలకొండ పడవ గట్టెక్కింది. ముంగిస పడవ గట్టెక్కింది. కొంగల పడవ గట్టెక్కింది. అన్నిటినీ మోకులతో చెట్లకి బిగించేశారు.

"పోలయ్య పడవ!" అని అరిచాడు అప్పలకొండ. అందరూ మొలలోతు నీళ్లలోకి దూకి పడవ చుట్టూ చేరారు. అన్ని చేతులూ చాచారు.

"మోకందించు పోలీ!"

పోలయ్య నూకాలు వైపు చూశాడు.

"మావా, నీ మోకు ఒక్కసారి..." అంది నూకాలు. కట్టుబాటు తప్పి అడిగింది.

"విప్పితే నా పడవ పోతుంది తల్లీ," అన్నాడు అప్పలకొండ. ముంగిస తల దించుకుంది. కొంగలు మొహాలు తిప్పుకున్నాయి. వాళ్ల పిల్లల కూడు కూడా ఆ మోకుల కొసనే ఉంది.

వట్టి చేతులతో పట్టారు. తడిసిన చెక్క జారిపోయింది. నూకాలు సగం పేనిన మోకు తెచ్చింది. అది చుట్టినచోటే తెగింది. చివరికి పోలయ్య స్కూటరు విప్పి, వలతాళ్లతో పడవకి కట్టి, ఎక్కి కూర్చున్నాడు. స్కూటరు కీచుకీచుమంది. పడవ ఒక్కసారి కదిలింది. ముందుకి కాదు, వెనక్కి. బండి పడవని లాగలేదు పిల్లలూ. పడవే బండిని లాక్కుపోయింది, బండి మీద పోలయ్యతో సహా. నూకాలు వాడి తోక కరిచి పట్టుకుని ఒడ్డుకి ఈడ్చింది.

పడవ మలుపు తిరిగింది. మరి కనపడలేదు. దాని వెనకాల చిలకపచ్చగా ఏదో మెరిసి మునిగిపోయింది.

మర్నాటి నుంచీ నూకాలు మళ్లీ పీచు చితకడం మొదలుపెట్టింది.

"పడవే లేదు, ఇంకా మోకెందుకే?" అన్నాడు పోలయ్య.

"కొంగలది పాతబడింది. పేనిస్తే బుట్టెడు చేపలిస్తామన్నారు. పిల్లలు తినొద్దూ?" అంది. వాడి మొహం వైపు చూడలేదు.

తర్వాత వచ్చిన ప్రతి వరదకీ పోలయ్య పట్టేసిన భుజంతోనే రేవులోకి దిగాడు. అప్పలకొండ పడవ లాగాడు. ముంగిస పడవ లాగాడు. కొంగల పడవ లాగాడు. ఒకసారి చిన్నకొడుకు గట్టు మీద నుంచి కేకేశాడు.

"నాన్నా! మన పడవ వంతు ఎప్పుడొస్తుంది?"

పోలయ్యకి వినపడింది. వినపడనట్టు ఇంకా గట్టిగా లాగాడు.

నీతి: నీ బతుకుని ఒడ్డుకి లాగేది ఏదో ముందు చూసుకో, ఊరేగింపుకి ఆశపడి ఉన్న మోకు ఇచ్చేస్తే, తర్వాత ఎంతమంది చేతులు చాచినా పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఒసేయ్ చిట్టీ, కళ్లు తుడుచుకుని లే. మీ నాన్న బైకుల కొట్టుకి వెళ్తానని తల దువ్వుకుంటున్నాడు. మీ అమ్మ కూడా వెళ్తోందేమో చూసి రా. వెళ్లకపోతే, ఆయన చెప్పులు తీసుకెళ్లి గేదె మేత గాడిలో దాచెయ్. పరుగెత్తు!