ఊరికే పోసిన నీళ్లు

మోదుగుల అడవిలో ఎర్రవాగు ఒడ్డున దుప్పులు, కుందేళ్లు, నక్కలు, ఎలుగులు, ముళ్లపందులు కలిసి బతికేవి. ఎండాకాలం వస్తే వాగు ఎండిపోయేది. నీళ్లన్నీ ఇసుక కిందికి దిగిపోయేవి.

అప్పుడు తవ్వడం వచ్చినవాళ్లే అందరికీ దిక్కు. ముళ్లపంది తాత, నక్క, ఎలుగు ఇసుకలో తలా ఒక చెలమ తవ్వేవారు. తాగడానికి వచ్చినవాళ్లు నోటినిండా ఇప్పపూలు తెచ్చి ఇచ్చేవారు. అడవికి పెద్ద అయిన ముసలి దున్న ఎప్పుడో ఒక కట్టుబాటు పెట్టాడు. ఒక్కరికి ఒక్క చెలమే, ధర అందరిదీ ఒకటే.

చుక్కమ్మ అనే దుప్పి తన కూనతో రోజూ ముళ్లపంది తాత చెలమకే వచ్చేది. దుప్పి గిట్టలతో ఇసుక తవ్వడం అయ్యే పని కాదు మరి.

ఒక ఏడు ఎండలు మండిపోతున్నాయి. కొండ అవతలి నుంచి కోరయ్య అనే అడవిపంది దిగాడు. పెద్ద చెలమ తవ్వి, "రండమ్మా, రండి! పూలూ వద్దు, ఏమీ వద్దు. ఊరికే తాగండి!" అని కేకేశాడు.

చుక్కమ్మ ఎగిరి గంతేసింది. పొద్దున్నే పూలు ఏరే బాధ తప్పింది కదా!

ముళ్లపంది తాత దున్న దగ్గరకు పరుగెత్తాడు. "పెద్దయ్యా, ఊరికే పోసి కోరయ్య కట్టుబాటు తప్పాడు. చెలమను రోజూ తోడకపోతే ఇసుక కూలి పూడిపోతుంది. అందరూ అక్కడికే పోతే పూలు లేక మాకు తోడే ఓపిక ఉండదు, మా చెలమలూ ఉండవు. ఆ తర్వాత అతను ఎంతంటే అంతే!"

"నీ బేరం పోతుందని ఏడుపా తాతా?" అంది చుక్కమ్మ. అందరూ పకపకా నవ్వారు. తాత తల దించుకున్నాడు.

కోరయ్య వినయంగా దండం పెట్టాడు. "కట్టుబాటు తీసేయండి పెద్దయ్యా. ఇంకో నాలుగు చెలమలు తవ్వి అందరి దాహం తీరుస్తాను."

దున్న అటూ ఇటూ చూశాడు. అందరూ తీసేయమనే అంటున్నారు. "సరే, తీసేశాను" అన్నాడు. అంతకు మించి ఆలోచించలేదు ఆ పెద్దమనిషి.

కొద్దిరోజుల్లోనే నక్క చెలమ పూడిపోయింది. ఎలుగు విసిగిపోయి కొండెక్కింది. ముళ్లపంది తాత మాత్రం ఎవరూ రాని చెలమను తోడుతూ కూర్చున్నాడు. చివరికి ఒంట్లో ఓపిక అయిపోయి ఆయనా మానేశాడు. నీళ్లు పైకే ఉండే మంచి చోట్లన్నీ కోరయ్య ఆక్రమించాడు.

ఆ మర్నాడే కోరయ్య గొంతు మారింది. "నోటినిండా పూలు" అన్నాడు. తర్వాత రెండింతలు అన్నాడు. ఆ తర్వాత రోజంతా ఏరినవన్నీ పెట్టమన్నాడు.

ఇప్పపూల కాలం అయిపోవచ్చింది. చుక్కమ్మ పొద్దంతా ఏరినా చాలేవి కావు. ఏరిన పూలన్నీ కోరయ్యకే పోసి తాను పస్తు పడుకునేది. పాలు ఇంకిపోయాయి. కూన నడవలేక తూలసాగింది.

ఏడుస్తూ దున్న దగ్గరకు వెళ్లింది. దున్న వాగులోకి దిగి కోరయ్యను గదమాయించాడు.

కోరయ్య పళ్లికిలించాడు. "ఏ కట్టుబాటు పెద్దయ్యా? మీరే తీసేశారుగా! నచ్చకపోతే వేరే చోట తాగమనండి."

వేరే చోటు ఎక్కడుంది? దున్న వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు.

చుక్కమ్మ సిగ్గు చంపుకుని ముళ్లపంది తాత ముందు నిలబడింది. "తాతా, నా కూన..." అంటూ పక్కన కూలబడిన కూనను చూపించింది. తాత ఒక్క మాట దెప్పలేదు. లేచి వచ్చి పాత చోటనే తవ్వడం మొదలుపెట్టాడు.

నీళ్లు బాగా కిందికి దిగిపోయాయి. తవ్విన ఇసుక తవ్వినట్టే జారుతోంది. తాత గోళ్ల నుంచి నెత్తురు కారింది. చుక్కమ్మ కూనను నాకుతూ, "ఇంకాసేపు ఓర్చుకో నా తల్లీ" అంటూనే ఉంది.

ఎండ వాలేవేళకు చెలమ అడుగున తడి మెరిసింది. నీళ్లు నెమ్మదిగా ఊరాయి.

"వచ్చాయమ్మా!" అన్నాడు తాత.

చుక్కమ్మ కూనను లేపబోయింది. కూన లేవలేదు.

ఆ ఏడుపు విని అడవంతా వాగులోకి వచ్చింది. ఎవరూ నవ్వలేదు. దున్న కళ్లనీళ్లతో పాత కట్టుబాటును మళ్లీ నిలబెట్టాడు. నక్క తిరిగి తవ్వింది. కొండెక్కిన ఎలుగూ దిగివచ్చింది. కోరయ్య దగ్గరకు ఇక ఎవరూ పోలేదు. లాభం లేదని అతను తోడటం మానేస్తే అతని చెలమలూ పూడిపోయాయి. కుళ్లిన పూలకుప్పలను వదిలేసి కొండ దాటిపోయాడు.

మరుసటి ఎండాకాలం చుక్కమ్మ ఒంటరిగా వచ్చింది. నీళ్లు తాగి, నోటినిండా తెచ్చిన పూలను తాత ముందు పోసింది. వెనక్కి వెళ్లి ఇంకో నోటినిండా తెచ్చి పక్కనే పోసింది.

"ఇవెందుకమ్మా? ఒక్కదానివేగా తాగావు" అన్నాడు తాత.

"ఇవి నా కూనవి తాతా" అంది చుక్కమ్మ. "ఆ రోజు ఇవ్వాల్సినవి."

నీతి: ఊరికే వస్తోందని పదిమందిని కాచే కట్టుబాటును వదులుకుంటే, పోటీ పోయి ఒక్కడే మిగులుతాడు, అప్పుడు వాడు చెప్పిందే ధర.