వంతులకొండ మల్లన్న, తేనెపిట్ట తొలిపాట

నల్లమల అంచున ఉన్న వంతులకొండకు మీరు వేకువనే చేరితే, గుడి గంట నాలుకను తాడుతో కట్టేసి ఉంచడం చూస్తారు. పూజారి బద్ధకించాడని అనుకోకండి. పిట్టల పాట అయ్యేదాకా ఇక్కడ గంట మోగదు. చలికాలమైతే శాలువా తెచ్చుకోండి, మెట్లు మంచుకు తడిసి ఉంటాయి.

పూర్వం ఈ కొండవాలులో కొర్రచేను కాసే బయన్న, అతని భార్య సుంకమ్మ ఉండేవారు. సుంకమ్మకు చూపు లేదు. అయినా గుట్ట మీది ఊటకు ఒంటరిగా వెళ్ళి కడవ నింపుకొచ్చేది. ఊట పక్కన గూడు కట్టుకున్న తేనెపిట్ట పాటే ఆమెకు దారి. ఎవరి చేయీ పట్టుకోకుండా తాను చేసే పని అదొక్కటే కనుక, అదంటే ఆమెకు ప్రాణం.

ఒక ఏడు మేడిపళ్ళు విరగకాశాయి. గోరువంకలు, పికిలిపిట్టలు గుంపులుగా దిగాయి. వాటి గోలలో తేనెపిట్ట గొంతు మునిగిపోయింది. సుంకమ్మ దారి తప్పి పడింది. కడవ పగిలింది. బయన్నకు తెలిసిన విద్య వడిసెల ఒక్కటే. పొద్దంతా రాళ్ళు విసిరి గుంపులను తరిమాడు. వాటితోపాటు తేనెపిట్టా ఎగిరిపోయింది.

“నీ రాయి నాకంటే గుడ్డిదయ్యా,” అంది సుంకమ్మ.

“రేపటినుంచి నీళ్ళు నేనే తెస్తాలే.”

“తెద్దువు. నేను కూర్చోని ఏం చేయాల?”

ఆ రాత్రి మల్లన్న బయన్నకు కలలో కనిపించాడు. “నా కొండ మీద ఎవరి నోరూ మూయించను. వంతు మాత్రం ఇస్తాను. వడిసెల ఊట దగ్గర పెట్టిపో,” అన్నాడు.

బయన్న అలాగే చేశాడు. పిట్టలన్నీ తిరిగొచ్చాయి, గోలా వచ్చింది. కానీ ఒక వేకువన, గోరువంకలు రెక్క విదల్చకముందే, తేనెపిట్ట మునుపటికన్నా సన్నగా, పైస్థాయిలో పాట అందుకుంది. సుంకమ్మ కొత్త కడవతో బయలుదేరింది. బయన్న చప్పుడు చేయకుండా వెనకే నడిచాడు.

“వెనక వస్తే వచ్చినావు, ముందుకు మాత్రం రావద్దు,” అందామె నవ్వుతూ.

ఊట దగ్గర ఆమె చేయి చాచితే వడిసెల తగిలింది. దాని కింద, నున్నని లింగం తగిలింది.

మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన మాస్టారు ఒకరు ఉండేవారు. ఒకే అడవిలో పోటీపడే పిట్టలు, ఒకదాని పాట మరొకదాని కింద నలగకుండా వేళనూ స్థాయినీ మార్చుకుంటాయని చెప్పేవారు. ఆయన పోటీ అన్నదాన్నే ఇక్కడివారు వంతు అంటారు. నాకు రెండు మాటలూ ఇష్టమే.

నేటికీ స్వామికి పూలదండతోపాటు వడిసెల వేస్తారు. మొక్కు చెప్పుకునేటప్పుడు, ఇంట్లో అందరికంటే మెల్లగా మాట్లాడేవారిని ముందు నిలబెడతారు. వారి మాట వినిపించిన ఇంటిని మల్లన్న చల్లగా చూస్తాడని నమ్మకం. మొన్న ఒక కొత్తకోడలు చాలాసేపు ఏదో చెప్పుకుంది. అత్తగారు, మామగారు, భర్త వెనకే నిలబడి ఆగారు. ఆమె కళ్ళు తెరిచాకే పూజారి గంట తాడు విప్పాడు.